పూచీ ఎవరిది?

మధ్యతరగతి మనిషిని తిట్టడం మన సాహిత్య విమర్శలో చాలా కాలంగా ఒక ఆచారం. అతను పిరికివాడు, స్వార్థపరుడు, పైవర్గాన్ని అనుకరిస్తాడు, కిందివర్గాన్ని చూసి జడుసుకుంటాడు, సభల్లో చప్పట్లు కొడతాడు గాని సమ్మెలో ఒకరోజు జీతం పోతుందంటే సెలవుచీటీ పంపి ఇంట్లో కూచుంటాడు. ఇదీ అతని మీద ఉన్న అభియోగం. ఇందులో అబద్ధం లేదు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావును చూపించినప్పుడూ, రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్యను చూపించినప్పుడూ, పాఠకులు వాళ్ళలో తమ ముఖాలు గుర్తుపట్టారు. కాని గుర్తుపట్టడం వేరు, కారణం తెలుసుకోవడం వేరు. రోగం పేరు చెప్పినంత మాత్రాన వైద్యం చేసినట్టు కాదు.

ఈ వ్యాసంలో నేను అడగదలచిన ప్రశ్న ఒక్కటే. మధ్యతరగతి మనిషి భయం నైతిక దోషమా? ఆపదలో ఉన్న స్నేహితుడికి సాయపడడానికి ఒక మనిషి వెనకాడితే, ఆ వెనకాడటానికి మూలం అతని గుణంలో వెతకాలా, అతని పరిస్థితిలో వెతకాలా? "రెండింటిలోనూ" అనడం తేలిక. ఏది ఎంత, ఏది ముందు, ఏది తరవాత అన్నది తేల్చకపోతే ఆ జవాబుకు విలువ లేదు.

తేల్చడానికి నేనొక చిన్న విషయం తీసుకుంటాను. అది అప్పుకు పూచీగా పెట్టే సంతకం. జనం నోట్లో దాని పేరు షూరిటీ. మదనపల్లె, పుంగనూరు, కుప్పం అనే ఈ మూడూ పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాల ఊళ్ళు. ఇక్కడ నెలజీతం మీద బతికేవాళ్ళ మధ్య ఈ సంతకం తెచ్చిపెట్టినంత నైతిక సంకటం మరేదీ తెచ్చిపెట్టదు. ఈ సంకటానికి అర్థమేమిటో తెలియాలంటే మన ఊళ్ళతో పాటు మన పిల్లలు వలసపోతున్న అమెరికాను కూడా చూడాలి. రెండుచోట్లా కథ ఒకటేనని నా వాదన.

ముందు సంతకం సంగతి. 5 లక్షల చీటీ అంటే 50 మంది, 50 నెలలు, నెలకు 10 వేలు. అవసరం ఉన్నవాడు పాటలో ఎక్కువ సొమ్ము వదులుకుని ముందుగా ఎత్తుకుంటాడు. వదులుకున్న దాంట్లో చీటీ నడిపేవారి కమీషను పోగా మిగిలింది తక్కినవాళ్ళకు పంపకమవుతుంది. నాలుగో నెలలో ఎత్తుకున్నవాడు ఇంకా 46 నెలలు కట్టాలి. కడతాడని నమ్మకమేమిటి? అందుకే సొమ్ము చేతికిచ్చే ముందు జీతగాళ్ళ పూచీ అడుగుతారు. జీతం సర్టిఫికెట్టు తెచ్చి, కాగితాల మీద సంతకాలు పెట్టేవాళ్ళు కావాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, పూచీ పడ్డవాడి బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. ఇతను ఎత్తుకున్నది ఒక్క రూపాయి లేకపోయినా సరే. కోర్టు డిక్రీ వచ్చిందంటే, జీతంలో మొదటి వెయ్యి రూపాయలూ, తక్కినదానిలో మూడింట రెండు వంతులూ మినహాయించి మిగతాది జప్తు చెయ్యవచ్చునని సివిల్ ప్రొసీజరు స్మృతి చెబుతుంది. "ఒక్క సంతకమే గదా సార్, మీకేం బరువు?" అని అడిగేవాడు ఈ సెక్షన్లు చదివి ఉండడు. సంతకం పెట్టేవాడూ చదివి ఉండడు. కాని ఇద్దరికీ భయం మాత్రం తెలుసు.

ఏ కాలేజీ స్టాఫురూములోనైనా ఈ సంతకాల విలువను బట్టి మనుషుల్ని మూడు అంతస్తులుగా విడదీయవచ్చు. పర్మనెంటు లెక్చరరు, కాంట్రాక్టు లెక్చరరు, గెస్టు లెక్చరరు. ముగ్గురూ చెప్పేది అదే పాఠం, అదే విద్యార్థులకు. గెస్టు లెక్చరరు సంతకం ఎవరికీ అక్కరలేదు. కాంట్రాక్టు లెక్చరరు సంతకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెడతారు. పర్మనెంటువాడి సంతకానికి గిరాకీ. నేను జీతం సర్టిఫికెట్టు ఉన్నవాణ్ణే గనక ఈ గిరాకీ ఎలాంటిదో నాకు తెలుసు. అది విద్వత్తుకు దక్కే గౌరవం కాదు, మంచితనానికి దక్కే గౌరవమూ కాదు. నెల మొదట్లో ఖాతాలో పడే సొమ్ముకు దక్కే గౌరవం. స్నేహితుణ్ణి చూడగానే అతని జీతం గుర్తుకు రావడం, సాయం అడగబోయేవాణ్ణి దూరం నుంచి చూసి దారి తప్పుకోవడం, ఇవి రెండూ ఒకే జబ్బుకు రెండు లక్షణాలు.

పుంగనూరులో నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయుడు తోటివాడి చీటీకి పూచీ పడ్డాడు. ఆ తోటివాడు మోసగాడు కాడు. కొడుకు ఇంజనీరింగు ఫీజు కోసం చీటీ ఎత్తుకున్నాడు. రెండేళ్ళు సక్రమంగా కట్టాడు. తరవాత అతని భార్యకు ప్రైవేటు బడిలో ఉన్న ఉద్యోగం పోయింది. ఆరు కంతులు తప్పాయి. నోటీసు ఇద్దరికీ వచ్చింది. పూచీ పడ్డవాడు తన భార్య గొలుసు తాకట్టు పెట్టి కొంత కట్టాడు, అవతలివాడు తంటాలు పడి మిగతాది కట్టాడు. బాకీ తీరింది. దాంతోపాటు స్నేహమూ తీరిపోయింది. ఇప్పుడు ఒకరు వస్తుంటే ఒకరు పక్కవీధికి మళ్ళుతారు. ఇందులో దుర్మార్గుడెవరు? ఎంత వెతికినా నాకు కనిపించలేదు. ఇద్దరూ మంచివాళ్ళే అయిన చోట చెడు ఫలితం వచ్చిందంటే, చెడు మనుషుల్లో కాక మరెక్కడో ఉందని అనుమానించక తప్పదు.

పూచీదారుల్లో నోరు లేని పూచీదారు ఒకటుంది, బంగారం. స్నేహితుణ్ణి అడగడానికి మొహం చెల్లనివాడు ఇంట్లో భార్యను అడుగుతాడు. ఆమె మెడలోది తీసి ఇస్తుంది. అది తన ఇష్టంతోనే ఇచ్చిందని అందరూ అంటారు, ఆమె కూడా అంటుంది. మగవాడి పరువుకు ఆడదాని మెడ పూచీ. ఈ పూచీకి సంతకం కూడా అక్కరలేదు.

భయం గురించి మాట్లాడుతూ మదనపల్లెలో జిడ్డు కృష్ణమూర్తిని తలచుకోకుండా ఉండలేం. 1895లో ఆయన పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆయన ఆశయంతో నడిచే రిషివ్యాలీ బడి ఈ ఊరికి దగ్గర్లోనే ఉంది. భయాన్ని గురించి ఆయన జీవితమంతా ప్రసంగించాడు. నిన్నటి అనుభవాన్ని రేపటి మీదికి ఆలోచన మోసుకుపోవడమే భయమనీ, పారిపోకుండా దాన్ని ఉన్నదున్నట్టు చూడగలిగితే అది తనంత తాను ముగుస్తుందనీ స్థూలంగా ఆయన మాట. పాము ఎదురైనప్పుడు పుట్టే శరీర భయం వేరని ఆయనే విడదీసి చెప్పాడు. కాబట్టి ఆయన ప్రమాదాలే లేవన్నాడని ఎవరూ నింద వెయ్యలేరు.

కాని ఈ రెండు రకాలలోకీ ఇమడని మూడో భయం ఒకటుంది. రేపు కంతు కట్టలేనేమోనన్న భయం పాములాగా ఎదట కనిపించదు. అలాగని అది కేవలం మనసు కల్పించిందీ కాదు. దానికి తేదీ ఉంది, అంకె ఉంది, చట్టంలో సెక్షను ఉంది. ఎంత నిశ్చలంగా చూసినా నోటీసు మాయం కాదు. భయాన్ని మనసులో పరిశీలించమనే బోధ, పరిశీలించేవాడి ఇల్లు తాకట్టులో లేనప్పుడు బాగా పనిచేస్తుంది. తాకట్టులో ఉన్నవాడికి అది తన భయానికి తానే బాధ్యుడనే మరో అపరాధభావాన్ని అంటగడుతుంది. భయం మనసులోనే ఉంటుంది, ఒప్పుకుంటాను. కాని పుట్టేది అక్కడ కాదు.

మరి ఎక్కడ పుడుతోంది? సుమతీ శతకకారుడు ఊరికి ఉండవలసినవాటిని లెక్కపెడుతూ మొట్టమొదట అప్పిచ్చేవాణ్ణి, తరవాత వైద్యుణ్ణి, ఆ తరవాత ఎండని ఏటినీ చెప్పాడు. ఆయన వరస మన పడమటి మండలాలలో చిత్రంగా రుజువవుతోంది. మదనపల్లెలో బాహుదా, పుంగనూరు దగ్గర కౌండిన్య, కుప్పం వైపు పాలారు, ఇవన్నీ ఏళ్ళకేళ్ళు ఇసుకగా ఉండే నదులు. నీళ్ళకు బోరు వెయ్యాలి. బోరుకు అప్పు కావాలి. నీళ్ళు పడకపోతే మరో బోరుకు మరో అప్పు. వైద్యుడున్నాడు, కాని అతని దగ్గరికి వెళ్ళేదారి అప్పిచ్చేవాడి ఇంటి మీదుగా పోతుంది. ఏరు ఎండినకొద్దీ అప్పిచ్చేవాళ్ళు పెరిగారు.

ఇక్కడి మధ్యతరగతికి పొలంతో పేగు తెగలేదన్నది మరిచిపోకూడదు. లెక్చరరు అన్న టమోటా రైతు, గుమాస్తా మామ టమోటా రైతు. 2023 జూలై చివర మదనపల్లె మార్కెట్లో మేలురకం టమోటా కిలో 200 రూపాయల దరిదాపుకు వెళ్ళింది. దేశమంతా ఈ ఊరి పేరు వార్తల్లో వింది. సెప్టెంబరుకల్లా ఆ ధర కూలిపోయింది. జూలైలో ధర చూసి అప్పు తెచ్చి నాటినవాడికి పంట చేతికొచ్చేసరికి కోత కూలి, బాడిగ గిట్టుబాటు కావడమే కష్టమైంది. పంటకు నమ్మదగిన బీమా లేనిచోట, ధరకు హామీ లేనిచోట, ఆ పొలానికి బీమా ఏమిటి? ఊళ్ళో తమ్ముడి నెలజీతం. జీతగాడు తాను సంపాదిస్తున్నది తన కుటుంబానికే అనుకుంటాడు. నిజానికి అతను పదిమంది బంధువుల అదృష్టానికి పూచీదారు.

ఈ పరిస్థితిలో పొదుపును బోధించేవాళ్ళు వస్తారు. అనవసరమైన ఖర్చులు మానుకోమంటారు. పుంగనూరు పొట్టి ఆవు కొద్దిపాటి ఎండుమేతతో బతుకుతుంది, కరువును ఓర్చుకుంటుంది, అందుకే దానికంత పేరు. తక్కువ మేతతో బతకడం ఆవుకు సుగుణమే. మనిషిలో దాన్ని సుగుణమని ఎవరైనా కీర్తిస్తుంటే, కీర్తించేవాడి దొడ్లో ఎంత మేత ఉందో ఒకసారి చూడాలి. పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ మధ్యతరగతి చేసే ఆర్భాటాన్ని నేను సమర్థించను. కాని ఇళ్ళల్లోకి తొంగిచూస్తే పెద్ద పద్దులు ఆర్భాటానివి కావు, బడి ఫీజు, ఆసుపత్రి, ఇంటి కంతు. 2022–23లో మన దేశంలో కుటుంబాల నికర ఆర్థిక పొదుపు స్థూల దేశీయోత్పత్తిలో 5 శాతం దరిదాపుకు పడిపోయిందనీ, కొన్ని దశాబ్దాలలో అదే కనిష్ఠమనీ రిజర్వు బ్యాంకు లెక్కలు చెప్పాయి. దేశంలోని కోట్ల కుటుంబాలు ఒకే ఏడు ఒక్కసారిగా దుబారా మనుషులైపోయాయని నమ్మడం కష్టం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పూచీ లేకుండా ఏ సమాజమూ నడవదు. రేపు ఏమవుతుందో తెలియని ప్రాణి గనక మనిషికి ఎవరో ఒకరు పూచీ ఉండాలి. ఆ పూచీ అందరూ కలిసి ఉంటారా, ఒక్కొక్కరు విడివిడిగా ఉంటారా అన్నదే ప్రశ్న. 1915లో అనీబిసెంట్ మదనపల్లెలో కళాశాల స్థాపించినప్పుడు, ఊరి పిల్లవాడు పైచదువుకు మద్రాసు పోయే స్తోమత లేకపోయినా చదువుకోవచ్చునని ఒక పూచీ ఏర్పడింది. క్షయరోగానికి మందు లేని రోజుల్లో పక్కనే ఆరోగ్యవరంలో శానిటోరియం కట్టినప్పుడు మరో పూచీ ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చాక 1956లో జీవితబీమా జాతీయమైంది, 1969లో 14 పెద్ద బ్యాంకులు జాతీయమయ్యాయి. ప్రభుత్వ బడి, ప్రభుత్వ ఆసుపత్రి, ఉద్యోగ భద్రత, పింఛను, ఇవన్నీ కలిసి మధ్యతరగతి అనే వర్గాన్ని నిలబెట్టాయి. ఆ రోజుల్లో గుమాస్తాకు డబ్బు తక్కువ. రేపటిని గురించిన భయం కూడా తక్కువ.

తరవాత ఒక్కొక్క పూచీని ప్రభుత్వం దించుకుంటూ వచ్చింది. 2004 సెప్టెంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగంలో చేరినవారికి పాత పింఛను లేదు. జీతంలో కొంత కోసి మార్కెట్లో పెట్టే పద్ధతి వచ్చింది. ఉద్యోగుల ఆందోళనల తరవాత 2023లో హామీ పింఛను పేరుతో మరో చట్టం చేశారంటే, పోయినది ఏమిటో ప్రభుత్వానికీ తెలుసునన్నమాట. పర్మనెంటు ఉద్యోగం ఖాళీ అయినచోట కాంట్రాక్టువాడు, అతని చోట గెస్టువాడు వచ్చారు. ఇలా దించిన బరువు నేలమీద పడలేదు. అది పక్కింటివాడి భుజం మీద, బావమరిది సంతకం మీద, భార్య మెడ మీద పడింది. మనం స్నేహాలు చెడిపోతున్నాయని వాపోతున్నాం. రాజ్యం మొయ్యవలసిన బరువు మోస్తున్న స్నేహం చెడిపోక ఏం చేస్తుంది?

ఇది మన వెనకబాటుతనం వల్ల వచ్చిందని, అభివృద్ధి చెందిన దేశంలో ఇలా ఉండదని అనుకునేవాళ్ళు అమెరికాను చూడాలి. అక్కడి మధ్యతరగతి కష్టపడి, పొదుపు చేసి పైకి వచ్చిందని ఒక పురాణం ఉంది. చరిత్ర మరోలా చెబుతుంది. 1934లో అక్కడి ప్రభుత్వం గృహరుణాలకు బీమా ఇవ్వడం మొదలుపెట్టింది. 1944లో యుద్ధం నుంచి తిరిగివచ్చే సైనికుల కోసం చేసిన చట్టంలో కాలేజీ చదువు ఖర్చూ, ఇంటి అప్పుకు ప్రభుత్వమే పూచీ పడటమూ ఉన్నాయి. అంటే అమెరికా మధ్యతరగతి ఇంటి పత్రం మీద పూచీ సంతకం ప్రభుత్వానిది. నల్లవాళ్ళలో అత్యధికులకు ఆ సంతకం దొరక్కుండా చేశారు. సంతకం దొరికినవాళ్ళకూ దొరకనివాళ్ళకూ మధ్య ఆస్తిలో ఉన్న అంతరం నేటికీ పూడలేదు. పూచీ ఎంత పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటె రుజువు అక్కరలేదు.

ఆ దేశంలోనూ పూచీ క్రమంగా దిగిపోయింది. 1978లో పన్ను చట్టంలో చేర్చిన ఒక నిబంధన నుంచి 401(కె) అనే పద్ధతి పుట్టింది. యజమాని జీవితాంతం ఇచ్చే పింఛను పోయి, ఉద్యోగి సొంత ఖాతాలో షేర్ల ధరను బట్టి పెరిగి తరిగే సొమ్ము వచ్చింది. విద్యార్థుల అప్పు మొత్తం 1.6 లక్షల కోట్ల డాలర్లు దాటింది. 2005 చట్టం తరవాత, దివాలా తీసినా ప్రైవేటు విద్యారుణం నుంచి విముక్తి దొరకడం బహుకష్టం. ఆ ప్రైవేటు రుణాలకు సాధారణంగా మరొకరి సంతకం కావాలి. తల్లి, తండ్రి, ఒక్కోసారి తాత. పుంగనూరు చీటీకీ అమెరికా విద్యారుణానికీ సముద్రాల దూరం ఉన్నా కాగితం ఒకటే. సి. రైట్ మిల్స్ 1951లో 'వైట్ కాలర్' రాసినప్పుడు ఆ వర్గం ఎవరికీ చెందని మనుషుల గుంపుగా కనిపించింది. బార్బరా ఎరెన్‌రైక్ 1989లో రాసిన పుస్తకానికి పడిపోతామన్న భయాన్నే పేరుగా పెట్టింది. 2006లో జేకబ్ హ్యాకర్ ఈ మార్పుకు నష్టభయాన్ని ఒకరి నెత్తినుంచి మరొకరి నెత్తికి మార్చడమని పేరు పెట్టి వివరించాడు.

రెండు దేశాల భయాలనూ ఇప్పుడు ఒకే కుటుంబం మోస్తోంది. కొడుకు అమెరికాలో ఎం.ఎస్. చదవాలంటే అప్పు ఏడున్నర లక్షలు దాటుతుంది. దాటితే బ్యాంకులు సాధారణంగా స్థిరాస్తి తాకట్టు అడుగుతాయి. మదనపల్లెలో తండ్రి ముప్పై ఏళ్ళు కష్టపడి కట్టుకున్న ఇల్లు తాకట్టులోకి వెళుతుంది. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుం విధిస్తూ ప్రకటన చేశాడు. ఆ ఇంటికీ ఆ ప్రకటనకూ సంబంధం ఏమిటో ఆ తండ్రికి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

పూచీ లోకంలోంచి మాయమైపోయిందా? లేదు. పైకి పోయింది. 2008లో అమెరికా బ్యాంకులు కుప్పకూలబోతే వాటిని నిలబెట్టడానికి 70 వేల కోట్ల డాలర్ల దాకా అధికారమిస్తూ చట్టం చేశారు. అదే సంక్షోభంలో లక్షల కుటుంబాల ఇళ్ళు వేలంలో పోయాయి. మన దేశంలో 2014–15 నుంచి తొమ్మిదేళ్ళలో బ్యాంకులు 14.56 లక్షల కోట్ల రూపాయల మొండి బాకీలను ఖాతాల్లోంచి కొట్టివేశాయని 2023లో ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. అందులో సగానికి పైగా పెద్ద పరిశ్రమలూ, సేవాసంస్థలవీ. ఖాతాలోంచి కొట్టెయ్యడమంటే బాకీ మాఫీ కాదని, వసూలు ప్రయత్నం సాగుతుందని ప్రభుత్వం అంటుంది. నిజమే. కాని ఆరు కంతులు తప్పిన బడిపంతులుకు అలాంటి నిదానం దొరకదు. పెద్దవాడి నష్టానికి దేశం పూచీ, చిన్నవాడి నష్టానికి స్నేహితుడు పూచీ అన్నది మన కాలపు నీతిశాస్త్రం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నెలజీతం అందుకునే మనిషి గోడు ఇంతగా చెప్పడం అన్యాయం కాదా? కుప్పం క్వారీల్లో రాళ్ళు కొట్టేవాడి సంగతేమిటి? తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు కూలిపనికి పోయేవాడి సంగతేమిటి? ఈ అభ్యంతరం బలమైనది. జీతగాడు మోస్తున్న బరువు వాళ్ళు ఎప్పటినుంచో మోస్తున్నారు. సూక్ష్మరుణ కంపెనీలు ఊరూరా ఆడవాళ్ళను గుంపులుగా చేర్చి ఒకరి బాకీకి మిగతావాళ్ళను బాధ్యుల్ని చేశాయి. ఒక కంతు తప్పితే పక్కింటి ఆడవాళ్ళే వచ్చి గుమ్మంలో కూచునేట్టు చేసింది ఆ పద్ధతి. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చిన తరవాత 2010 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి దాన్ని అదుపు చెయ్యవలసివచ్చింది. 2025 జూన్‌లో కుప్పం మండలంలో, భర్త చేసిన అప్పు కోసం ఒక స్త్రీని చెట్టుకు కట్టేశారు. ఆమె ఏ కాగితం మీదా సంతకం పెట్టి ఉండనక్కరలేదు. ఆమె ఒంటినే పూచీగా పట్టుకున్నారు.

కాబట్టి పడమటి మండలాల మధ్యతరగతి మోస్తున్నది ప్రత్యేకమైన బాధ కాదు. కింద ఎప్పటినుంచో ఉన్నది మెల్లగా పైకి పాకుతోంది, అంతే. చిన్న మధ్యతరగతి క్రమంగా కార్మికవర్గంలోకి జారిపోతుందని మార్క్సు, ఎంగెల్సు 1848లో రాశారు. మన ఊళ్ళలో జరుగుతున్నది జారుతూ జారుతూ ఒకడి చెయ్యి ఒకడు పట్టుకుని వేలాడటం. పట్టుకున్న చెయ్యి పట్టుకున్నవాణ్ణి కూడా కిందికి లాగుతోంది. అందుకే చెయ్యి చాచేవాణ్ణి చూసి భయం.

ఈ వాదంతో మధ్యతరగతికి పూర్తిగా విముక్తి పత్రం రాసి ఇచ్చినట్టేనా? కాదు. దాని అసలు దోషం ఎక్కడుందో ఇప్పుడు చెప్పవచ్చు. సంతకం పెట్టడానికి వెనకాడటంలో లేదు. ఉమ్మడి పూచీలు ఒక్కొక్కటీ పోతున్నప్పుడు ఊరుకోవడంలో ఉంది. ప్రభుత్వ బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయుడు తన పిల్లల్ని ప్రైవేటు బడిలో వేశాడు. ప్రభుత్వాసుపత్రిలో గుమాస్తా తన తల్లిని బెంగుళూరు తీసుకుపోయాడు. కొత్తగా చేరేవాళ్ళకు పింఛను లేదన్నప్పుడు పాతవాళ్ళలో చాలామంది తమది ఉంది గదా అనుకున్నారు. కాంట్రాక్టు లెక్చరరు సమ్మె చేస్తుంటే పర్మనెంటు లెక్చరరు తన క్లాసుకు వెళ్ళాడు. సొంత పూచీ కొనుక్కోగలమన్న ధీమాతో ఉమ్మడి పూచీని వదులుకున్నారు. కొనుక్కున్న పూచీకి కంతులు కట్టలేక ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. స్నేహితుడికి సంతకం నిరాకరించినవాణ్ణి నేను క్షమిస్తాను. సమ్మెలో ఉన్నవాణ్ణి దాటుకుని క్లాసుకు వెళ్ళినవాణ్ణి అంత తేలిగ్గా క్షమించలేను. మొదటివాడు తన శక్తికి మించిన బరువు వద్దన్నాడు. రెండోవాడు అందరూ కలిస్తే మొయ్యగలిగిన బరువును వదిలేశాడు.

సంతకం పెట్టాలా వద్దా అని అడిగేవారికి నా జవాబు ఇదీ. పెట్టడమే పుణ్యం కాదు, పెట్టకపోవడమే పాపం కాదు. తన పిల్లల అన్నం మీద పందెం కాయకుండా పెట్టగలిగినవాడు పెట్టాలి. పెట్టలేనివాడు దారి తప్పుకోకుండా, అబద్ధపు సాకులు చెప్పకుండా, ఎదురుగా కూచుని తన లెక్క చూపించి చెప్పాలి. సిగ్గుతో దాచుకున్న లెక్కలు మనుషుల్ని విడదీస్తాయి. బల్లమీద పరిచిన లెక్కలు కలుపుతాయి. పది కుటుంబాల లెక్కలు ఒకచోట పరిస్తే, అవి పదిమంది దుబారా కథలు కావనీ, ఒకే కథకు పది ప్రతులనీ తెలిసిపోతుంది. ఉద్యోగుల సహకార పరపతి సంఘాలు పుట్టింది ఇలాంటి ఆలోచన నుంచే. అక్కడ కూడా పూచీ ఉంటుంది, కాని వడ్డీ సభ్యులకే తిరిగివస్తుంది, కష్టం వచ్చినవాడి సంగతి సభ్యులే కూచుని తేల్చుకుంటారు. అవి చిన్నవి, చాలవు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు, దాని లోపాలెన్ని ఉన్నా, పేదవాడి గుండె ఆపరేషనుకు ఎవరి సంతకమూ అడగనక్కరలేదని ఒక్కసారిగా తేలింది. గుండెకు సాధ్యమైనది చదువుకూ, ముసలితనానికీ, పంట ధరకూ ఎందుకు సాధ్యం కాదు?

ఇది రచయితలకు కూడా సంబంధించిన విషయమే. మన కథల్లో మధ్యతరగతి మనిషి పిరికితనాన్ని చాలాసార్లు చదివాం. అతని డైరీ చదివాం, కలలు చదివాం, ఆత్మవిమర్శ చదివాం. అతని చీటీ పుస్తకం చదివింది తక్కువ. 'అల్పజీవి'ని గొప్ప నవల చేసింది సుబ్బయ్య భయం ఒక్కటే కాదు, ఆ భయం వెనక కంట్రాక్టరు సొమ్ము కనిపించడం. భయానికి వెనక ఉన్న లెక్కను రాసినప్పుడే పాఠకుడు పాత్రను అసహ్యించుకోవడం మాని ఆలోచించడం మొదలుపెడతాడు. సంతకం అడిగినవాడూ, నిరాకరించినవాడూ ఒకే బెంచీమీద కూచుని, ఈ సంతకం అవసరం మనకెందుకు వచ్చిందని ఒకరినొకరు అడుగుకునే కథ మన పడమటి మండలాల నుంచి ఇంకా రావలసి ఉంది.